అడుగు పొరను నమ్మలేని చలికాలాలు

కాపలా, హద్దులు ఉన్న స్కీ మైదానాలను దాటి, ఎవరూ తనిఖీ చేయని మంచు వాలుల మీదికి సొంత బాధ్యతతో వెళ్లేవారికి ఒక నమ్మకం మెల్లగా అలవాటవుతుంది. నిన్న ఈ వాలు మీద నడిచాం, ఏమీ కాలేదు, కాబట్టి ఇది గట్టి వాలే అనుకుంటాం. ఎంత చదివినా, ఎంత శిక్షణ పొందినా ఈ నమ్మకం వదలడం కష్టం, ఎందుకంటే అది అనుభవం రూపంలో వస్తుంది. ఆ రోజు వాలు నిజంగానే గట్టిగా ఉండి నిలిచిందా, లేక తెగడానికి సిద్ధంగా ఉండి కూడా మన అడుగు పడవలసిన చోట పడక నిలిచిందా అన్నది మనకు ఎప్పటికీ తెలియదు. రెండు సందర్భాల్లోనూ మనం ఒకే సంతోషంతో తిరిగి వస్తాం. అందువల్ల మంచు చరియల విషయంలో, అంటే వాలు మీది మంచు తెగి కిందికి విరుచుకుపడే ప్రమాదం విషయంలో, ఏళ్ల తరబడి తిరిగినంత మాత్రాన తెలివిడి రాదని నేను గట్టిగా నమ్ముతాను. మంచు లోపల ఏముందో తెలుసుకోవడానికి చేయగలిగినదంతా చేయవలసిందే. చివరి నిర్ణయాన్ని మాత్రం మనం నిక్కచ్చిగా కొలవగలిగిన వాటి మీద, అంటే వాలు కోణం మీద, నేల తీరు మీద నిలపాలి.

మంచు చరియల్లో వదులు మంచు చరియలని ఒక రకం ఉంది. అవి ఒక చిన్న చోట మొదలై, కిందికి జారేకొద్దీ వెడల్పవుతాయి. మనిషి కదలికతో మొదలైనప్పుడు అవి సాధారణంగా అతని కాళ్ల దగ్గరో, కిందో మొదలై కిందికే పోతాయి. ప్రాణాలు ఎక్కువగా తీసేది రెండో రకమైన పలక చరియ. దానికి నాలుగు కావాలి: ఒకదానితో ఒకటి అతుక్కుని ఒకే పలకగా కదలగల పై మంచు, దాని కింద ఒక బలహీన పొర, ఆ పొర కింద జారడానికి అనువైన ఉపరితలం, తగినంత నిటారుగా ఉన్న వాలు. ఈ నాలుగూ కలిసిన చోట మనిషి బరువు ఆ బలహీన పొర దాకా చేరితే, ఆ పొర ఒకచోట కూలుతుంది. ఆ కూలడం పక్కకు పాకి, క్షణాల్లో వాలంతటా విస్తరిస్తుంది. అప్పుడు పలక పై అంచున తెగుతుంది. తెగిన గీత తరచుగా మనిషికి పైన ఉంటుంది, మనిషి కదులుతున్న పలక నడుమ ఉంటాడు. పక్కకు తప్పుకుందామన్నా కాలి కింది నేలే ముక్కలై పోతూ ఉంటుంది. ఇంకొక విషయం మరవకూడదు. మనుషులను బలిగొన్న చరియల్లో దాదాపు పదింట తొమ్మిది ఆ బాధితుడో, అతని బృందంలో మరొకరో కదిలించినవే. ఇది భయపెట్టే వాస్తవమే అయినా నాకు అందులో ఒక ఆశ కూడా కనిపిస్తుంది: చరియ పడే చోటూ, సమయమూ చాలావరకు మన నిర్ణయం చేతిలోనే ఉన్నాయన్న మాట.

పై పలక ఎలా ఏర్పడుతుందో కంటికి కనిపిస్తుంది. మంచు కురుస్తుంది, గాలి దాన్ని తెచ్చి పోస్తుంది, అది బిగుసుకుంటుంది. కంటికి కనిపించనిది కింది బలహీన పొర, దాని పుట్టుక. మందమైన మంచు కప్పిన నేల వద్ద ఉష్ణోగ్రత చలికాలమంతా దాదాపు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. మంచు పైభాగం మాత్రం గాలి చలికీ, మేఘాలు లేని రాత్రి ఆకాశంలోకి వేడిని కోల్పోవడానికీ లోనై బాగా చల్లబడుతుంది. వెచ్చని అడుగు నుంచి చల్లని పైభాగం వైపు మంచు రేణువుల నడుమ నీటి ఆవిరి ప్రయాణిస్తుంది. ఒక మీటరు మందానికి సుమారు 10 డిగ్రీలను మించిన తేడా ఉంటే ఆ ప్రయాణం జోరందుకుంటుంది. అప్పుడు రేణువులు గుండ్రబడి అతుక్కోవడానికి బదులు, ఆవిరి చేరి అంచులు తేలిన కోణాకార స్ఫటికాలుగా మారతాయి. వాటి మధ్య గట్టి బంధం ఉండదు.

ఒక చిన్న లెక్క చేస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. మంచు మందం 150 సెంటీమీటర్లు, పైభాగం మైనస్ 15 డిగ్రీలు అనుకుందాం. మీటరుకు 10 డిగ్రీల తేడా, అంటే సరిగ్గా ఆ హద్దు మీద ఉన్నాం. అదే చలిలో మంచు మందం 50 సెంటీమీటర్లే అయితే తేడా మీటరుకు 30 డిగ్రీలు అవుతుంది. మంచు తక్కువ, ప్రమాదమూ తక్కువే అనిపించే చోట అడుగు పొరను పాడుచేసే తేడా మూడింతలు ఉందన్న మాట. తొలి శీతాకాలంలో కొద్దిపాటి మంచు పడి, ఆ తరువాత వారాల తరబడి ఆకాశం నిర్మలంగా, చలి తీవ్రంగా ఉంటే, ఆ కొద్దిపాటి మంచంతా అడుగున పట్టులేని స్ఫటికాల పొరగా మారి, వసంతం దాకా అక్కడే ఉండిపోవచ్చు. దీన్ని డెప్త్ హోర్ అంటారు. సముద్రానికి దూరంగా, పొడిగా, చలిగా ఉండే కొలరాడో రాకీ పర్వతాల వంటి చోట్ల ఇది దాదాపు ప్రతి ఏటా కనిపించే సమస్య. సముద్రపు తేమ ఎక్కువగా ఉండే తీర పర్వతాల్లో మంచు మందంగా, వెచ్చగా ఉంటుంది కనుక అక్కడ పొరలు సాధారణంగా తొందరగా గట్టిపడతాయి. అక్కడి చిక్కులు ఎక్కువగా మంచు తుపానులతో వచ్చి తుపానులతోనే తీరతాయి. ఒక ప్రాంతంలో నేర్చుకున్న అంచనాలను మరొక ప్రాంతానికి మోసుకుపోతే ఎందుకు దెబ్బతింటామో దీన్నిబట్టి ఊహించవచ్చు.

బలహీన పొర అడుగునే పుట్టాలన్న నియమం లేదు. గాలి లేని, మేఘాలు లేని, కాస్త తేమ ఉన్న రాత్రుల్లో మంచు ఉపరితలం మీద ఆవిరి నేరుగా గడ్డకట్టి సన్నని రేకుల్లాంటి స్ఫటికాలు నిలువుగా పెరుగుతాయి. సర్ఫేస్ హోర్ అనే ఈ పొర ఉదయపు ఎండలో మెరుస్తుంది, స్కీల కింద గలగలమంటుంది, చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది. పైన ఉన్నంతకాలం దానివల్ల ఏ హానీ లేదు. గాలి వీస్తే విరిగిపోతుంది, ఎండ తగిలితే కరిగిపోతుంది. వీటిలో ఏదీ జరగకముందే దాని మీద నెమ్మదిగా కొత్త మంచు పడితే మాత్రం ఆ రేకులు నిలబడ్డవి నిలబడ్డట్టే పూడిపోతాయి. ఒక సెంటీమీటరు మందం కూడా లేని ఆ పొర, పైన చేరిన మీటరు మంచును వారాల తరబడి జారడానికి సిద్ధంగా ఉంచగలదు. వర్షం పడి గడ్డకట్టిన పెంకు దగ్గర ఏర్పడే స్ఫటికాలదీ ఇదే తీరు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డ్యూరాండ్ గ్లేసియర్ ప్రాంతంలో 2003 జనవరి 20న ఏడుగురిని బలిగొన్న చరియ, అంతకు ముందు నవంబరులో ఏర్పడిన అలాంటి పెంకు దగ్గరి బలహీన పొర మీదనే జారింది. నవంబరు నాటి వాన జనవరి చివర్లో ప్రాణాలు తీసిందంటే, మంచు ఎంతకాలం గుర్తు పెట్టుకుంటుందో చూడండి.

అందుకే నేను తుపాను రోజుల కన్నా వాటి మధ్య వచ్చే నిర్మలమైన రోజులనే ఎక్కువ శ్రద్ధగా గమనిస్తాను. వచ్చే చరియకు కావలసిన పొర ఆ ప్రశాంతమైన చలి రాత్రుల్లోనే తయారవుతుంది. కొత్త మంచు పడబోయే ముందు రోజు ఉపరితలం ఎలా ఉందో, ఏ వైపు వాలుల మీద రేకులు మిగిలాయో, ఏ ఎత్తు దాకా ఎండకు పెంకు కట్టిందో, నీడలోని మంచు చేతిలో నిలవకుండా ఎక్కడ రాలిపోతోందో రాసి పెట్టుకుంటే, తరువాతి నెల రోజుల పాటు ఆ నాలుగు వాక్యాలే దారి చూపుతాయి. ఒకసారి కప్పబడ్డాక ఆ సమాచారం పారతో తవ్వితే తప్ప దొరకదు, తవ్వినా ఒక్కచోటిది మాత్రమే దొరుకుతుంది.

ఆ తవ్వడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచు నిజంగా ఏమిటో అర్థమయ్యేది అక్కడే. మనం వెళ్లదలచుకున్న వాలుకు దిక్కులోనూ, ఎత్తులోనూ, కోణంలోనూ దగ్గరగా ఉండి, తెగితే కొట్టుకుపోయేంత పొడవు లేని ఒక చిన్న వాలును ఎంచుకోవాలి. గుంత తవ్వి, ఎండ తగలని వైపు గోడను పారతో నున్నగా, నిలువుగా చెక్కాలి. మొదట చూడడానికి అంతా ఒకే తెలుపు. చేతి తొడుగు వేళ్లతో పై నుంచి కిందికి మెల్లగా నొక్కుకుంటూ వస్తే తేడాలు బయటపడతాయి. పైన పిడికిలి కూడా సులువుగా దిగిపోయే మెత్తని కొత్త మంచు. దాని కింద నాలుగు వేళ్లు దిగేంత గట్టిదనం. ఇంకా కింద ఒక్క వేలే దిగుతుంది, ఆ తరువాత పెన్సిల్ మొన మాత్రమే దిగేంత బిగువైన పలక. ఆ పలక అంచు దాటగానే వేలు ఉన్నట్టుండి లోపలికి జారిపోతుంది. అక్కడి మంచును అరచేతిలోకి తీసుకుని పిసికితే ముద్ద కట్టదు, పంచదారలా వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంది. గళ్లు గీసిన చిన్న కార్డు మీద ఆ రేణువులను పోసి భూతద్దంలో చూస్తే ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ముఖాల మీద మెట్లు మెట్లుగా సన్నని గీతలు కనిపిస్తాయి. పక్క పక్కన ఉన్నా ఒకదాన్నొకటి పట్టుకోని గింజలు. ఆ గింజల మీదనే ఇప్పటిదాకా మన కాళ్ల కింద ఉన్న ఆ బిగువైన పలక అంతా ఆనుకుని ఉంది. మెత్తదనం ప్రమాదమనీ గట్టిదనం భద్రత అనీ అనుకునే మనసుకు ఈ గోడ మంచి పాఠం. ప్రమాదమంతా గట్టిపొర మెత్తని పొర మీద కూర్చోవడంలో ఉంది.

ఆ పొర కూలితే అది పక్కకు పాకుతుందా లేదా అన్నది తరువాతి ప్రశ్న. దానికి నేను ఎక్కువగా చేసేది విస్తరించిన స్తంభ పరీక్ష. వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న మంచు స్తంభాన్ని నాలుగు వైపులా విడదీసి, ఒక చివర పార రేకును ఆనించి, మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది వేస్తారు. ఏదో ఒక దెబ్బకు పగులు పుట్టి, ఆ దెబ్బకో దాని తరువాతి దెబ్బకో స్తంభం అవతలి చివరి దాకా ఒక్కసారిగా పాకితే, ఆ పలకకూ ఆ పొరకూ మధ్య పగులు వ్యాపించే గుణం ఉందని అర్థం. ఎన్నో దెబ్బకు పగిలిందన్నదాని కన్నా ఇది ముఖ్యం. పగులు దెబ్బ పడిన చోటే ఆగిపోవడం వేరు, మొత్తం స్తంభం మీది పలక మన వైపు కదిలి రావడం వేరు. రెండోది ఒకసారి కళ్లారా చూసినవారికి వివరణ అవసరం ఉండదు.

అయితే ఈ పరీక్ష ఫలితాన్ని రెండు వైపులా ఒకే విధంగా వాడుకోకూడదని నా అభిప్రాయం. చెడు ఫలితం వస్తే దాన్ని నమ్మాలి, ఆ వాలును వదిలేయాలి. మంచి ఫలితం వస్తే మాత్రం దాని ఆధారంగా, అంతకు ముందు వద్దనుకున్న వాలును తెరవకూడదు. మంచు మందం కొన్ని మీటర్లలోనే మారిపోతుంది. రాళ్ల దగ్గర, గాలి ఊడ్చిన మిట్టల మీద, చెట్ల గుంపుల అంచున పలక సన్నబడుతుంది, ఆ చోట్లనే మనిషి బరువు బలహీన పొర దాకా చేరుతుంది. పొర ఒక మీటరును మించిన లోతులో ఉంటే, మందమైన చోట పది మంది నడిచినా ఏమీ కాకపోవచ్చు. పదకొండో మనిషి ఒక మునిగిన రాతి పక్కగా వెళితే వాలంతా తెగవచ్చు. వాలు మీద అంతకు ముందే స్కీ జాడలు ఉన్నాయి కనుక భయం లేదన్న వాదన ఇక్కడే కూలిపోతుంది. మన గుంత ఒక్కచోటి మంచు కథ చెబుతుంది, పలక మాత్రం వాలులో అన్నిటికన్నా బలహీనమైన చోట తెగుతుంది.

గుంత తవ్వకుండానే మంచు బహిరంగంగా చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి, వాటి ముందు ఏ పరీక్షా నిలవదు. అదే దిక్కు వాలుల మీద కొత్తగా తెగిన చరియలు కనిపించడం, స్కీ కొనల నుంచి పగుళ్లు ముందుకు పరుగెత్తడం, అడుగు వేయగానే కాళ్ల కింద మంచంతా ఒక్కసారి దిగబడి 'వుమ్ఫ్' అన్న బరువైన చప్పుడు రావడం ఇలాంటివి. ఆ చప్పుడు బలహీన పొర కూలిన చప్పుడు. సమతల నేల మీద అది వినిపిస్తే ఏమీ జారదు, ఎందుకంటే జారడానికి వాలు లేదు, కానీ తెగడం జరిగిపోయింది. ఆ కూలడం నేల మట్టంగా ఉన్న చోట మొదలై, పక్కకు పాకి, పైన ఉన్న నిటారు వాలును తెంపగలదు. పగులు కేవలం జారుడు వల్ల కాక పొర కుదించుకుపోవడం వల్ల కూడా వ్యాపిస్తుందని 2008లో హయర్లి, గుంబ్ష్, జైజర్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన నమూనా ఇలా దూరంగా తెగడాన్ని చక్కగా వివరించింది. కొండ పాదంలో నడుస్తున్న మనిషి తన తలపై ఉన్న వాలును తానే తెంపుకోవచ్చన్నది మొదటిసారి వినేవారికి నమ్మశక్యంగా ఉండదు. పట్టులేని అడుగు పొర ఉన్న చలికాలాల్లో అది జరుగుతూనే ఉంటుంది.

ఈ పొరల విషయంలో అన్నిటికన్నా మోసకరమైనది కాలం. తుపాను మంచు మాత్రమే సమస్య అయినప్పుడు, చాలాసార్లు రెండు మూడు రోజుల్లో అది తనలో తాను సర్దుకుని గట్టిపడుతుంది. ఆ అలవాటుతోనే మనమంతా తుపాను తరువాత రెండు రోజులు ఆగడం నేర్చుకున్నాం. డెప్త్ హోర్, పూడిన సర్ఫేస్ హోర్ ఈ గడువును పట్టించుకోవు. మొదటి వారంలో చరియలు వాటంతట అవే పడతాయి, పగుళ్లు పరుగెత్తుతాయి, అందరూ జాగ్రత్తగా ఉంటారు. రెండో వారంలో ఆ గుర్తులు తగ్గుతాయి. మూడో వారంలో ఆకాశం తేటగా ఉంటుంది, మంచు మెత్తగా ఉంటుంది, చప్పుళ్లు లేవు, పగుళ్లు లేవు, ఎవరికీ ఏమీ కాలేదు. పొర మాత్రం కాస్త గట్టిపడిందే తప్ప పోలేదు. ఇప్పుడు దాన్ని కదిలించడం కష్టమే, కానీ కదిలితే అంతకు ముందు కన్నా మందమైన పలక, అంతకు ముందు కన్నా దూరం పోతుంది. ఈ మూడో వారం గురించే నాకు అన్నిటికన్నా ఆందోళన.

మంచు చరియల ముప్పు ఎంత ఉందో చెబుతూ వెలువడే ప్రమాద బులెటిన్‌లోని అంకెను చదివేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. ఐరోపా దేశాలు 1993లో ఒప్పుకున్న ఐదు అంచెల కొలమానమే కొద్ది మార్పులతో నేడు చాలా పర్వత ప్రాంతాల్లో వాడుకలో ఉంది. ఐదింటిలో మూడు అనగానే నడిమి అంకె కదా, నడిమి ప్రమాదమే కదా అనిపిస్తుంది. అంచె అంచెకూ ప్రమాదం కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. మూడో అంచె అంటే మనిషి కదిలించే చరియలు సంభవించే అవకాశం బాగా ఉందన్న మాట. నాలుగు, ఐదు అంచెల రోజుల్లో చాలామంది ఇంట్లోనే ఉంటారు. మూడు ఉన్న రోజున తుపాను వెలిసి ఉంటుంది, ఎండ పిలుస్తూ ఉంటుంది, ప్రాణ నష్టంలో పెద్ద భాగం ఆ అంచెలోనే జరుగుతుంది. నేనైతే అంకె కన్నా దాని కింద రాసిన వాక్యాలను ఎక్కువసేపు చదువుతాను. సమస్య ఏమిటి, కొత్త మంచా, గాలి తెచ్చిన మంచా, పాత బలహీన పొరా, తడి మంచా. ఏ దిక్కున, ఏ ఎత్తు నుంచి పైకి. ఎంత పెద్ద చరియలు. రెండో అంచెలో ఉండి 'పాత బలహీన పొర' అని రాసిన రోజు, మూడో అంచెలో ఉండి 'కొత్త మంచు' అని రాసిన రోజు కన్నా నన్ను ఎక్కువ వెనక్కు లాగుతుంది.

గాలి గురించి క్లుప్తంగా. గాలికి ఎదురుగా ఉన్న వైపు నుంచి మంచును ఊడ్చి, చాటుగా ఉన్న వైపు పోసే వేగం ఆకాశం నుంచి కురిసే వేగానికి పది రెట్ల దాకా ఉండవచ్చు. అందువల్ల నిన్నంతా ఒక్క రేకు కూడా కురవకపోయినా, రాత్రి గట్టి గాలి వీచి ఉంటే శిఖర రేఖ వెనక వాలులో కొత్త పలక తయారై ఉంటుంది. నున్నగా, ఉబ్బుగా, తట్టితే డొల్లగా మోగే మంచు దాని ఆనవాలు. శిఖర అంచున చూరులా ముందుకు వేలాడే మంచు గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో చెబుతుంది. ఆ చూరు మీద నిలబడకూడదు, అది విరిగే గీత మనం ఊహించినదాని కన్నా వెనక ఉంటుంది.

ఇక వాలు కోణం. పొడి పలక చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లో మొదలవుతాయి, 38 డిగ్రీల చుట్టుపక్కల అవి అత్యధికం. 30 కన్నా తక్కువ ఉన్న చోట మొదలవడం అరుదు. మరీ నిటారు వాలుల మీద మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. దురదృష్టమేమిటంటే స్కీలకు అత్యంత ఆనందాన్నిచ్చే కోణాలూ ఇవే. మంచు బలం లాగా కాక, కోణాన్ని పటం మీద ముందు రోజు రాత్రే చూసుకోవచ్చు, వాలు దగ్గర నిలబడి ఇన్‌క్లినోమీటర్ అనే కోణమాపకంతో మళ్లీ కొలుచుకోవచ్చు. రెండూ చేయాలని పట్టుబడతాను. ఫోన్లలో కనిపించే రంగుల వాలు పటాలు భూమి ఎత్తును కొన్ని మీటర్ల గళ్లలో సగటు చేసి చూపిస్తాయి కనుక, పది మీటర్ల ఎత్తున్న చిన్న నిటారు గట్టు అందులో 28 డిగ్రీల మెత్తని వాలుగా కనిపించవచ్చు. కంటి అంచనా మరీ నమ్మరానిది. పై నుంచి చూసినప్పుడు ఒకలా, కింద నుంచి చూసినప్పుడు ఒకలా, అలసిపోయినప్పుడు మరొకలా ఉంటుంది. అడుగు పొర చెడిన చలికాలంలో నేను పెట్టుకునే నియమం సూటిగా ఉంటుంది: 30 డిగ్రీలు దాటిన వాలు మీదికి వెళ్లను, దాని కిందా, దానికి ఆనుకుని ఉన్న చోటా ఆగను. ఎంత మంది వాదించినా, ఎంత మంచి మంచు ఎదురుగా ఉన్నా ఇది మారదు. 27 డిగ్రీల అడవి వాలులో కూడా ఒక రోజంతా సంతోషంగా తిరగవచ్చు.

కింద ఆగకపోవడం కూడా నియమంలో సగమే. మనం నిలబడ్డ చోటు ఎంత కోణంలో ఉందన్నది సరిపోదు, పైనున్నది ఏమిటో చూడాలి. 2003 ఫిబ్రవరి 1న కెనడాలోని రోజర్స్ పాస్ దగ్గర కనాట్ క్రీక్ లోయ అడుగున వెళుతున్న పాఠశాల బృందం మీదికి, చాలా ఎత్తున కియోప్స్ పర్వతం మీద దానంతట అదే తెగిన చరియ దిగివచ్చి ఏడుగురు విద్యార్థుల ప్రాణాలు తీసింది. వారు ఏ నిటారు వాలు మీదా లేరు. చరియ వచ్చి ఆగే మేర ఎంతవరకు ఉంటుందో పటం మీద గీసుకుని, ఆ మేరను వీలైనంత త్వరగా, ఎడమెడంగా దాటాలి, విశ్రాంతికి దాని బయట చోటు చూసుకోవాలి. అలాగే చిన్న చరియను కూడా ప్రాణాంతకం చేసే నేలలు ఉంటాయి. ఇరుకైన వాగు చీలికలో పడితే తక్కువ మంచే చాలా లోతుగా పూడుస్తుంది, కింద కొండ అంచు ఉంటే మోకాలి లోతు చరియే దాని మీది నుంచి తోసేస్తుంది, చెట్ల మధ్యకు ఈడిస్తే పూడకముందే దెబ్బలు తగులుతాయి. 'తెగితే ఏమవుతుంది' అన్న ప్రశ్నకు జవాబు చెడ్డదైతే, 'తెగుతుందా' అన్న ప్రశ్నను అసలు చర్చించనవసరం లేదు.

ఇవన్నీ తెలిసినవారే చనిపోతున్నారన్న మాట కాదనలేనిది. మంచు చరియల పరిశోధకుడు ఇయాన్ మెకామన్ అమెరికాలోని 715 చరియ ప్రమాదాలను పరిశీలించి, తెలిసిన చోటు అన్న ధీమా, బృందంలో మెప్పు కోసం తహతహ, ముందే అనుకున్న లక్ష్యం మీద పట్టుదల, ఒకరిని నిపుణుడిగా భావించి మాట్లాడకుండా అనుసరించడం, తాజా మంచు ఇతరులకు దక్కిపోతుందన్న ఆత్రం, చుట్టూ జనం ఉన్నారన్న ధైర్యం పదే పదే కనిపిస్తున్నాయని చూపాడు. 2012 ఫిబ్రవరి 19న వాషింగ్టన్ రాష్ట్రంలో స్టీవెన్స్ పాస్ దగ్గరి టన్నెల్ క్రీక్‌లోకి దిగిన పెద్ద బృందంలో ఎక్కువమంది ఎంతో అనుభవం ఉన్నవారు. ముగ్గురు తిరిగి రాలేదు. ఇలాంటి బృందాల్లో ఒకరిద్దరికి లోపల అనుమానం ఉండి కూడా పైకి చెప్పరు. ఇంతమంది తెలిసినవారికి లేని భయం నాకెందుకన్న సంకోచం నోరు కట్టేస్తుంది. అందువల్ల బృందంలో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నవారు వద్దన్నా ఆ వాలు ఆ రోజుకు మూసినట్టేనని బయలుదేరే ముందే చెప్పుకోవడం, వాలు ముందు నిలబడ్డప్పుడు వారినే మొదట మాట్లాడనివ్వడం నాకు తెలిసిన మేలైన పద్ధతి. కారణం వివరించమని వారిని నిలదీయకూడదు, నిలదీస్తే తరువాతిసారి ఎవరూ నోరు విప్పరు. బృందం నలుగురికి మించితే ఈ మాటలు సరిగా సాగవు కూడా.

వసంతంలో లెక్క మారుతుంది. మంచంతా 0 డిగ్రీలకు చేరాక దాని బలం రాత్రి గడ్డకట్టడం మీదనే ఆధారపడుతుంది. తేటని ఆకాశం ఉన్న రాత్రి గాలి ఉష్ణోగ్రత కాస్త పైనే ఉన్నా ఉపరితలం గడ్డకట్టవచ్చు, మబ్బు పట్టిన రాత్రి కట్టకపోవచ్చు. తెల్లవారి బూటు దిగబడితే వెనక్కు తిరగడమే, గట్టిగా ఉంటే పైపెంకు కరిగి కాలు చీలమండ దాటి దిగబడక ముందే వాలు దిగిపోవడమే. ఇక్కడ గడియారం చాలావరకు నమ్మదగిన సలహాదారు, పొడి మంచు కాలంలో అలాంటిది ఏదీ లేదు.

పూడిపోయినవారిని వెతికే సామగ్రి గురించి చెప్పకుండా ఉండలేను. ప్రతి ఒక్కరి ఒంటి మీదా 457 కిలోహెర్ట్జ్ బీకన్ (పూడినవారి చోటును రేడియో సంకేతంతో పట్టించే పరికరం), సంచిలో ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), లోహపు పార ఉండాలి. ఒకరి దగ్గర ఉండి మరొకరి దగ్గర లేకపోతే ప్రయోజనం లేదు. పూర్తిగా పూడినవారిలో మొదటి పది నిమిషాల్లో బయటపడినవారు పదింట తొమ్మిది మంది బతుకుతారు, అరగంట దాటేసరికి ఆ సంఖ్య మూడింట ఒకటి దగ్గరికి పడిపోతుంది. స్విట్జర్లాండ్ గణాంకాల ఆధారంగా 1994లో వచ్చిన విశ్లేషణ ఆ మొదటి గడువును 15 నిమిషాలుగా చూపితే, 2024లో వచ్చినది దాన్ని 10కి కుదించింది. సహాయ హెలికాప్టర్ ఎంత తొందరగా వచ్చినా ఈ గడువులో రావడం అరుదు కనుక, పక్కన ఉన్న సహచరులే రక్షకులు. బీకన్‌కు ఫోన్ ఆటంకం కలిగిస్తుంది, నడిచేటప్పుడు రెండింటికీ కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. సిగ్నల్ అన్నిటికన్నా బలంగా ఉన్న చోట నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ ప్రోబ్ గుచ్చుకుంటూ పోవాలి. తగిలాక దాన్ని బయటకు తీయకుండా అలాగే ఉంచి, నేరుగా పై నుంచి కాక, వాలు దిగువ వైపు నుంచి లోపలికి తవ్వాలి. ఆగిన చరియ మంచు పారకు కూడా లొంగనంత బిగుసుకుంటుంది, ఎక్కువ సమయం పోయేది వెతకడంలో కాదు, తవ్వడంలో. తల దొరకగానే నోరు, ముక్కు ముందు శుభ్రం చేయాలి, మిగిలిన ఒళ్లు తరువాత.

చరియలో చిక్కినప్పుడు ఉబ్బి మనిషిని మంచు పైభాగాన ఉంచడానికి భుజాన వేసుకునే గాలి సంచులు కూడా మేలు చేస్తాయి. తీవ్రమైన చరియల్లో చిక్కినవారిపై 2014లో వచ్చిన ఒక అంతర్జాతీయ విశ్లేషణలో, సంచి విచ్చుకున్నవారి మరణాలు 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గినట్టు తేలింది. సగానికి సగం తగ్గడం చిన్న విషయం కాదు. మిగిలిన సగంలో చెట్లకు, రాళ్లకు కొట్టుకుని గాయాలతో పోయినవారు ఉన్నారు, విచ్చుకున్న సంచి మీదికి కూడా మంచు పేరుకునే ఇరుకు నేలల్లో చిక్కినవారు ఉన్నారు. భుజాన ఆ సంచి ఉందన్న కారణంతో 29 డిగ్రీల దగ్గర ఆగవలసిన దారిని 34 డిగ్రీల దాకా పొడిగించే వాదనను నేను చాలా బృందాల్లో విన్నాను, ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.